సాయంత్రం వినిపించే తమ్ముడు

పొద్దున్నే టీ తాగుతుండగా తమ్ముడి నోట్లోంచి "కూరలో ఉప్పు తక్కువైందక్కా" అని వినిపించింది. అది రాత్రి తిన్న కూర సంగతి. ఇప్పుడు చెప్పి ఏం లాభమని అక్క నవ్వుకుంది.

వాడి గొంతు పుట్టినప్పటి నుంచీ అంతే. పొద్దున అన్నది సాయంత్రం వినిపిస్తుంది, సాయంత్రం అన్నది మర్నాడు పొద్దున. వాడు ఏటి మీద లాంచీ నడుపుతాడు. చివరి ట్రిప్పులో జనానికి "నెమ్మదిగా దిగండి" అని చెప్పాలంటే పొద్దున పళ్లు తోముకుంటూనే చెప్పేసుకుంటాడు. రేవులో అందరికీ అలవాటే. చిక్కల్లా పెళ్లి దగ్గర వచ్చింది. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి గానీ, అమ్మాయి అడిగినదానికి జవాబు వినడానికి సాయంత్రం దాకా ఎవరు కూర్చుంటారు? ఆ జవాబులన్నీ ఖాళీ కుర్చీల ముందు ఒక్క అక్కే విన్నది.

ఆ తర్వాత వాడు పరీక్ష రాసి, సొంత సెట్టుతో దూరంవాళ్లతో మాట్లాడుకునే హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. మాటే సరిగ్గా రానివాడికి రేడియో ఎందుకని కొందరు వేళాకోళం చేశారు. వినడానికి, అన్నాడు వాడు, సాయంత్రానికి.

కొండ మీద వాతావరణ కేంద్రంలో ఒకావిడ ఒంటరిగా పనిచేస్తుంది. రోజంతా వానా గాలీ కొలిచి, సాయంత్రం తన సెట్టులో "ఎవరైనా వింటున్నారా?" అని పిలుస్తుంది. చివరి ట్రిప్పయ్యాక తమ్ముడు లాంచీలో కూర్చుని రోజూ వింటాడు. చేతి సెట్టుకున్న పొట్టి యాంటెన్నాతో వినడం వరకే. తిరిగి పలికితే ఆ మాట కొండ దాకా పోదు.

ఈ వారం ఆవిడ కొత్త సంగతి చెప్పింది. ఇంకో ఏడాది ఉండమని ఆఫీసువాళ్లు అడుగుతున్నారట. "పలికే దిక్కు లేని చోట ఎందుకండీ? శనివారం పొద్దుటి బస్సుకి దిగిపోతాను" అంది. ఆ కబురు మర్నాడు తమ్ముడి నోట విని అక్క మనసు చివుక్కుమంది.

అక్క గొడుగులు బాగుచేస్తుంది. గుడ్డ ఊడిపోయిన గొడుగొకటి అటక మీంచి దించింది. కావలసింది మడిచి మోసుకుపోయే యాంటెన్నా, ఎందుకంటే వాడు ఇంట్లో అన్న మాట లాంచీలో వినిపిస్తుంది, లాంచీలో అన్నది ఇంట్లో. గొంతు ఎక్కడుంటే యాంటెన్నా అక్కడుండాలి. తమ్ముడి పరీక్ష పుస్తకంలో బొమ్మ చూసి, గొడుగు ఊచలు నాలుగు ఉంచి మిగతావి తీసేసింది. వాటికి తాకకుండా నడినెత్తిన ప్లాస్టిక్ ముక్క బిగించి, దాని మీద మూరెడు రాగి కడ్డీ నిలబెట్టాలి. సెట్టు నుంచి వచ్చే కేబుల్లో లోపలి తీగ కడ్డీకి, పైన అల్లిన తీగ ఊచలకి కలపాలి. కడ్డీని ముందు కాస్త పొడుగ్గా ఉంచి, సెట్టుకి తగిలించిన మీటరులో ముల్లు చూసుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. ఆ సంగతి తెలియక అక్క వీపు తిప్పి కూర్చుని కచక్కున కోసేసింది. వెనక తమ్ముడు నోరంతా తెరిచి అరుస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నిండు లాంచీలో "ఆగక్కా! కొయ్యకు!" అని కేక వినిపిస్తే, జామకాయ కోసుకుంటున్న ముసలావిడ తప్ప ఎవరూ తల తిప్పలేదు.

అక్క కడ్డీ కొసకి ఇంకో ముక్క టంకం వేసి అతికించింది. శుక్రవారం పొద్దున తమ్ముడు డాబా మీద నిలబడి, సాయంత్రం ఆవిడ ఏం అడుగుతుందో ఊహించుకుని, మధ్యమధ్య ఆగుతూ జవాబులు చెప్పుకున్నాడు.

సాయంత్రం అక్క కూడా లాంచీ ఎక్కి గొడుగును వెదురు కర్ర చివర కట్టి పైకెత్తి పట్టుకుంది.

"ఎవరైనా వింటున్నారా? ఇవాళే ఆఖరు" అంది కొండావిడ.

తమ్ముడు బటన్ నొక్కాడు. "రోజూ వింటున్నానండీ. కింద ఏట్లో లాంచీ నడుపుతాను."

"అమ్మయ్యో! నిజంగానా? నేను బాగా వినిపిస్తున్నానా?"

"పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుందండీ. ఇక్కడ వాన లేదు."

"వాన గురించి నేనడగలేదే!" ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత నవ్వాపి, "ఇన్నాళ్లూ వింటూ ఒక్క ముక్కైనా పలకలేదేమండీ?" అంది.

ఇది వాడు ఊహించలేదు. పెదాలు గబగబా కదిలాయి గానీ చప్పుడు లేదు. అక్కకి సెట్టు లాక్కుని తానే చెప్పెయ్యాలనిపించింది. తనకి లైసెన్సు లేదని ఊరుకుంది.

"ఏమండీ, ఉన్నారా?"

అప్పుడు వాడి పొద్దుటి మాటల్లో చివరివి వచ్చాయి. "ఇక మీరేం అడుగుతారో నాకు తోచలేదండీ. ఏదడిగినా జవాబు రేపు పొద్దున గానీ వినిపించదు. నా గొంతు అంతే. అందాకా సెట్టు కట్టెయ్యకండి."

"పొద్దున బస్సుందండీ" అని మాత్రం అంది ఆవిడ.

తెల్లవారగానే ఇద్దరూ డాబా ఎక్కి గొడుగెత్తారు. వేళకి వాడి గొంతు వచ్చింది.

"మీరు పిలిచినప్పుడల్లా పలికానండీ. అది మర్నాడు మా వంటింట్లో వినిపించేది. ఇంతవరకూ నా జవాబు కోసం ఆగింది మా అక్క ఒక్కతే."

సెట్టులో బుసబుస తప్ప ఏమీ లేదు. అక్క చేతులు లాగుతున్నా కర్ర దించలేదు. చాలాసేపటికి ఆవిడ గొంతు వచ్చింది.

"బస్సు వెళ్లిపోయిందండీ. పోనివ్వండి, ఏడాది ఉంటానని ఆఫీసుకి చెప్పేస్తాను. ఇప్పుడొకటి అడుగుతాను, జవాబు సాయంత్రం వింటాను. మీకు పెళ్లయిందా?"

తమ్ముడు అక్కడికక్కడే పెదాలు కదిపి జవాబు చెప్పేశాడు. అక్క కళ్లు తుడుచుకుని, గొడుగు మడిచి వాడి సంచిలో పెట్టింది. సాయంత్రం లాంచీలో కావాలి కదా.