ఉతకని చొక్కా

పిల్లి పేరు దొరగారు. ఇంట్లో అందరికంటే ముందు తిని, అందరికంటే మెత్తటి చోట పడుకుంటుందని టైలరే ఆ పేరు పెట్టాడు. నాలుగేళ్ల కూతురికి ఆయాసం మొదలై, పిల్లి బొచ్చు పడట్లేదని డాక్టరు తేల్చి చెప్పాక దొరగారికి ఇల్లు వదలక తప్పలేదు.

"తెలిసినవాళ్లకి ఇచ్చేశాను. దర్జాగా ఉంది" అని ఇంట్లో చెప్పాడు టైలరు.

నిజానికి దొరగారు మకాం మార్చింది అతని కొట్లోకే. కత్తిరింపు బల్ల కింద, గుడ్డపీలికల గుట్ట మీద. మంచి ఇల్లు దొరికేదాకా అనుకున్నాడు. వెతికితే కదా దొరకడానికి! మధ్యాహ్నం మిషను ఆపి కాసేపు ఒళ్లో పెట్టుకునేవాడు. సాయంత్రం చొక్కా గట్టిగా దులుపుకుని ఇంటికి బయల్దేరేవాడు. అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాడు మహానుభావుడు.

పిల్లకి ఆయాసం తగ్గలేదు.

"అత్తయ్యా, మంచం కింద సరిగ్గా తుడుస్తున్నారా?" అని అడిగింది అతని భార్య.

"తుడుస్తూనే ఉన్నానమ్మా. నా కళ్లకే ఆనట్లేదేమో" అంటూ ముసలావిడ మోకాళ్లు పట్టుకుని మళ్లీ తడిగుడ్డతో నేల మీద కూర్చుంది. పరదాలు ఉతికింది. పరుపు ఎండేసింది. కన్నతల్లి అలా అరిగిపోతుంటే టైలరు తేలు కుట్టిన దొంగలా పేపరు చాటున నక్కాడు.

ఆదివారం పొద్దున పిల్ల కనిపించకపోతే ఇల్లంతా వెతికాడు. మాసిన బట్టల బుట్ట వెనక కూర్చుని ఉంది. నిన్న అతను విప్పేసిన చొక్కాను ముఖానికి అదుముకుని, ఎగశ్వాసతో.

చొక్కా లాగి అవతల పారేసి, పిల్లను ఎత్తుకుపోయి మందు పీల్పించాడు. ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా అడిగాడు.

"అక్కడేం చేస్తున్నావే?"

"నీ చొక్కాలో దొరగారి వాసన. రోజూ వస్తుంది నాన్నా."

అతని నోట ముందొచ్చిన మాట ఇదే.

"అమ్మకి చెప్పావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"చెప్తే నిన్ను కూడా పంపించేస్తారుగా!"

టైలరు పిల్లను భార్య చేతికిచ్చి, పక్కగదిలోకి వెళ్లి, మంచం కింద తుడుస్తున్న తల్లి చేతిలోంచి తడిగుడ్డ తీసుకున్నాడు.

"లే అమ్మా" అన్నాడు భార్యకి కూడా వినపడేలా. "బొచ్చు తెస్తోంది నేనే."