రేడియోలో అన్న మాట

ఉప్పుటేటిపాళెం ఒడ్డున కొత్త మరపడవలు రెండూ పసుపూ కుంకుమా పూయించుకుని పెళ్ళికూతుళ్ళలా కూర్చున్నాయి. పందిరి కింద కుర్చీలు వేశారు, మైకు కట్టారు, మంత్రిగారు కొట్టవలసిన కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టారు. లేనిదల్లా జనమే. తెప్పలన్నీ ఇసుక మీద బోర్లా పడి ఉన్నాయి. పాళెం మగవాళ్ళు ఇళ్ళ ముందు అరుగుల మీద కూర్చుని, సముద్రానికి వీపు పెట్టి, చుట్టలు కాల్చుకుంటున్నారు.

ఆచార్య పద్మనాభయ్యగారు మైపాడు రోడ్డు వైపు చూశారు. దుమ్ము లేవలేదు. మంత్రిగారు ఇంకా రాలేదన్నమాట. ఊపిరి పీల్చుకుని మళ్ళీ అటే చూశారు.

చిట్టమూరు దగ్గర మాగాణి రైతు బిడ్డ ఆయన. ఎకనామిక్స్ చదివి, ప్రొఫెసరై, యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. రాష్ట్ర ప్రణాళికా సలహా సంఘంలో ఆయన మాటకు విలువుంది. కోస్తా జాలర్లకు మరపడవలిచ్చి సంఘాలు పెట్టించాలని నివేదిక రాసిందీ ఆయనే. అదంతా ఒక ఎత్తు. వైస్‌చాన్సలరు పదవికి పైకి వెళ్ళిన మూడు పేర్లలో ఆయనదొకటి కావడం ఇంకొక ఎత్తు. తేల్చేది గవర్నరని కాగితం మీద ఉంటుంది గానీ, ఇవాళ వచ్చే ఈ మంత్రి పెదవి కదిపితేనే తేలుతుందని యూనివర్సిటీలో బంట్రోతులకు కూడా తెలుసు. నెల్లూరులో ఆయన భార్య ప్రమీలమ్మను ఇరుగుపొరుగు అప్పుడే "వీసీగారమ్మా" అని పిలుస్తున్నారు. ఆమె వద్దనడమూ లేదు.

బ్లాకు ఆఫీసరు క్రీస్తుదాసు చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చాడు.

"సార్, కొంప మునిగింది. దురాయి వేసినారంట."

దురాయంటే ఏమిటో పద్మనాభయ్యగారికి తెలుసు. పాళెం పెద్దలు దురాయి వేస్తే ఆ ఊళ్ళో ఎవడూ తెప్ప ముట్టడు, వల ముట్టడు. కలెక్టరొచ్చినా సరే, కాలరుద్రుడొచ్చినా సరే.

"దేనికయ్యా? పడవలు వద్దనా?"

"పడవలు కావాలంట సార్. మీరు…" క్రీస్తుదాసు నీళ్ళు నమిలాడు. "మీరు రేడియోలో ఏదో అన్నారంట గదా."

ఏమన్నారు? ఈ పడవల మీద మొన్న రేడియోలో చేసిన ప్రసంగం కోసం ఆయన ఎంత కష్టపడ్డారని! ఇంగ్లీషు ముక్క దొర్లకుండా, పల్లెటూరివాడికి కూడా ఎక్కేలా తానే తెలుగులో రాసుకుని చదివారు. ఎంత ఆలోచించినా తప్పు ఎక్కడుందో దొరకలేదు.

పాళెం పెద్దలకు పెద్ద, పెద్దకాపు ముత్యాలయ్య ఇంటికి ఆయనే నడిచి వెళ్ళారు. ముత్యాలయ్య లేచి మంచం వాల్చాడు, మంచినీళ్ళు తెప్పించాడు. మర్యాదకేమీ లోటు లేదు. అది చూసే ఇంకా భయం వేసింది.

"ముత్యాలయ్యా, మంత్రిగారు దారిలో ఉన్నారు. ఏం జరిగిందో చెప్పు."

"ఏముండాది సామీ. మన పాళెం పేరు రేడియోలో వస్తాదని పంచాయతీ ఆఫీసు కాడ ఆడామగా చేరినారు. మీరు మాట్లాడినారు. బాగనే మాట్లాడినారు. ఆనెక 'వల ఒడ్డు చేరంగానే చేతివాటం కింద పదోవంతు చేప మాయమైపోతా ఉంది, సంఘం వస్తే ఈ చేతివాటానికి కట్టడి పడతాది' అన్నారు. అన్నారా, లేదా?"

అన్నారు. ఆ మాట బాగా కుదిరిందని అప్పుడు మురిసిపోయారు కూడా.

పాళెంలో ఒక ఆచారముంది. వల ఒడ్డుకు లాగాక, వంతులు పంచకముందు, ఇంట్లో మగదిక్కు లేని ఆడవాళ్ళు వచ్చి చేపల కుప్పలో చెయ్యి పెడతారు. చేతికి ఎంత వస్తే అంత వాళ్ళది. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. దాన్ని వాళ్ళు 'చేతిది' అంటారు. నివేదిక కోసం వచ్చినప్పుడు పద్మనాభయ్యగారు ఆ మాట విన్నారు, రాసుకున్నారు. తూకానికి అందని చేప గనుక దానికొక పేరు పెట్టాలి. రేడియోకు రాసేటప్పుడు 'చేతిది' మరీ మొరటుగా ఉందనిపించి, అందంగా 'చేతివాటం' చేశారు. చేతివాటమంటే దొంగబుద్ధి అని చిన్నప్పుడు వాళ్ళమ్మ పాలేళ్ళను తిట్టగా విన్నవాడే. కలం పట్టుకున్నప్పుడు మాత్రం ఆ తిట్టు చెవిన పడలేదు.

"మర్నాడు వల లాగినాం," అన్నాడు ముత్యాలయ్య. "చెంచమ్మ వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకోని నిలబడింది. దాన్ని చూసి కడమవోళ్ళూ అట్నే నిలబడినారు. చెయ్యి పెట్టమ్మే అంటే, 'రేడియోలో దొంగలని చెప్పినారు గదా, మాకొద్దు' అనింది. ఆళ్ళు పెట్టందే మేము పంచుకోకూడదు. చేప ఎండకు వాసనేసింది సామీ. ఆ పొద్దే దురాయి వేసినాను."

తడిక అవతలినుంచి ఆడగొంతు వినిపించింది. "మేము దొంగలమంట! ఆయన బళ్ళో జీతం ఎవురు తూకం వేస్తారో అడుగన్నా!" ఎవరో కిసుక్కున నవ్వారు.

"పొరపాటైంది. తప్పెక్కడుందో తెలిసింది గదా, దిద్దుకుంటాను," అన్నారు పద్మనాభయ్యగారు.

"దిద్దేది మీ బళ్ళో సామీ. ఈడ తప్పు దిద్దరు, కడతారు."

తప్పు కట్టడమంటే ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టి, నలుగురిలో నిలబడి, ఫలానా మాట అన్నాను, అది తప్పు అని నోటితో ఒప్పుకోవడం. పద్మనాభయ్యగారు గడియారం చూసుకున్నారు.

"సరే కడతాను. ఇప్పుడే, ఇక్కడే. మీ పెద్దలను పిలిపించు."

ముత్యాలయ్య నవ్వలేదు. "రేడియోలో అన్న మాటకు చెవిలో తప్పు కడతారా సామీ?"

దూరాన కారు హారను మోగింది.

పద్మనాభయ్యగారి కాళ్ళు పందిరి వైపు నడిచాయి గానీ మనసు హైదరాబాదు నుంచి యూనివర్సిటీ దాకా తిరుగుతోంది. పేపరువాళ్ళు వస్తున్నారు. 'జాలర్ల ముందు ప్రొఫెసరు క్షమాపణ' అని రేపు అచ్చులో పడితే? జాబితాలో ఉన్న మిగతా ఇద్దరి మనుషులు దాన్ని కత్తిరించి కవరులో పెట్టి పైకి పంపరూ? పోనీ పడవలు కదలకపోతే? అప్పుడూ ఆయన నివేదికే నవ్వులపాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"సార్," అన్నాడు క్రీస్తుదాసు గుసగుసగా, "మైపాడులో పోలీసులుండారు. నలుగురిని పిలిపించి పడవలెక్కించమంటే…"

అలా చేయవచ్చు. పడవలు కదులుతాయి, ఫోటోలు పడతాయి. పద్మనాభయ్యగారు నిజంగానే ఆలోచించారు. ఇంతలో కంచె పక్కన నిలబడ్డ చెంచమ్మ కంటబడింది. నివేదిక రోజుల్లో చూసిన నడివయసు మనిషే. మంత్రిగారి కారును చూస్తున్న ఆమె చేతులు ఇంకా వెనక్కే ఉన్నాయి.

"ఆకూ వక్కా తెప్పించు," అన్నారాయన.

మంత్రిగారు దిగారు, దండలు పడ్డాయి. ఖాళీ తెప్పలను చూసి ఆయన కనుబొమలు పైకి లేచాయి. పద్మనాభయ్యగారు ఏమీ వివరించలేదు. పళ్ళెం పట్టుకుని మైకు ముందుకెళ్ళారు.

"ఈ పాళెం ఆడవాళ్ళు తీసుకునేది చేతిది. దాన్ని నేను రేడియోలో చేతివాటమన్నాను. ఆ మాట తప్పు. తప్పు కడుతున్నాను. సంఘం తూకం వేసేది వాళ్ళు చెయ్యి పెట్టిన తర్వాతే. నివేదికలో అలాగే మార్చి రాస్తాను."

అరుగుల మీది మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఇటు తిరిగారు. ముత్యాలయ్య వచ్చి పళ్ళెంలోంచి ఒక ఆకు తీసుకున్నాడు. సముద్రం వైపు తిరిగి కేకేశాడు. "దురాయి తీసినానహో!"

అంతే, ఒడ్డు ఒడ్డంతా లేచింది. కొబ్బరికాయ పగిలింది, మరపడవలు దడదడలాడుతూ అలలెక్కాయి. పేపరువాళ్ళు ఫోటోలు తీశారు. కానీ తీసింది పడవలనో, పళ్ళేన్నో పద్మనాభయ్యగారికి అంతుపట్టలేదు.

మధ్యాహ్నానికి మరపడవ మొదటి వలతో తిరిగొచ్చింది. చెంచమ్మ ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా, మోచేతి దాకా కుప్పలో చెయ్యి దించింది. తర్వాత పద్మనాభయ్యగారి వైపు తిరిగింది.

"నువ్వూ పెట్టు సామీ."

"నాకెందుకమ్మా?"

"పెద్దోళ్ళ ముందర తప్పు కట్టినావు. రేపట్నుంచి నీకు దిక్కుంటాదో లేదో. పెట్టు, పెట్టు."

ఒడ్డంతా ఘొల్లుమంది. మంత్రిగారు కూడా నవ్వారు. పద్మనాభయ్యగారు చొక్కా చెయ్యి మడిచి కుప్పలో చెయ్యి పెట్టారు. గుప్పెట్లోకి కానాగంత చేపలు వచ్చాయి. చెంచమ్మ వాటిని తాటాకులో చుట్టి ఇచ్చింది.

తిరుగుప్రయాణంలో మంత్రిగారు ఆయన్ని తన కార్లోనే ఎక్కించుకున్నారు. చేపల వాసనకు కిటికీ అద్దం దించుకున్నారు. ఇందుకూరుపేట దాటేదాకా పద్మనాభయ్యగారు మడికట్ల గట్లు లెక్కపెట్టబోయి, మధ్యలోనే మరిచిపోయారు.

"ప్రొఫెసరుగారూ, రేపు యూనివర్సిటీలో కుర్రాళ్ళు సమ్మె చేస్తారనుకోండి. అక్కడా ఇట్లాగే మైకు పట్టుకుని తప్పు కడతారా?"

కట్టనని అంటే చాలు. ఆ ముక్క నాలుక చివరి దాకా వచ్చింది.

"తప్పు నాదైతే కడతానండీ."

మంత్రిగారు బయటకు చూశారు. "మంచివారు. అయితే ఆ వీసీ కుర్చీ మంచివాళ్ళకు ఆట్టే రోజులు నిలవదు," అన్నారు మెల్లగా. పద్మనాభయ్యగారు నెల్లూరులో దిగేటప్పుడు మంత్రిగారే ఆ పొట్లం విప్పి సగం చేపలు తన డ్రైవరు చేతికిచ్చారు. "ఇది చేతివాటమంటారా, చేతిదంటారా?" అని నవ్వి వెళ్ళిపోయారు.

వీధి గుమ్మంలోనే ప్రమీలమ్మ ఎదురొచ్చింది. పక్కింటావిడ కూడా తలుపు ఓరగా తీసి నిలబడింది.

"ఏమన్నారండీ మంత్రిగారు?"

పద్మనాభయ్యగారు తాటాకు పొట్లం ఆమె చేతిలో పెట్టారు.

"ఏందిది?"

"మనకొచ్చింది ఇదే. పులుసు పెట్టు," అని చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. ఎంత రుద్దినా వాసన పోలేదు.