మూడోసారి అడిగేదాకా

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. బడికి పోవాల్సిన వయసులో గొర్రెల వెనక పోయాను. మా ఆయన పోయాక, గ్రంథాలయంలో పెద్దవాళ్లకు చెప్పే చదువుకు వెళ్లి నేర్చుకున్నాను. అక్షరాలు అక్కడక్కడ తప్పి ఉంటాయి, మన్నించండి. చెయ్యి నిదానం. ఈ కొంచెం రాయడానికి చలికాలమంతా పట్టింది.

డింప్నా కసిడీ ఆ కొండను చూడని రోజు లేదు. వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి ముందు నిలబడితే కిటికీ నిండా అదే. దాని పేరు స్లీవ్ గర్వ్. మబ్బు దిగితే మాయమైపోతుంది, మబ్బు లేవగానే ఎక్కడికీ పోలేదన్నట్టు అక్కడే ఉంటుంది. పెళ్లయి వచ్చిన నాటినుంచీ డింప్నా దాన్ని ఇటువైపు నుంచి చూస్తోంది. అంతకుముందు అటువైపు నుంచి చూసేది. ఆమె పుట్టిల్లు కొండకు ఆ పక్క, అత్తిల్లు ఈ పక్క. రోడ్డు మీద పోతే కొండ చుట్టూ తిరిగిపోవాల్సిందే. పైకెక్కితే మాత్రం రెండిళ్లూ ఒకేసారి కనిపిస్తాయని చిన్నప్పుడు వాళ్ల నాన్న చెప్పేవాడు. ఆ మాట ఆమె మనసులోంచి ఎప్పుడూ పోలేదు. ఎక్కడం మాత్రం ఒక్కసారీ కుదరలేదు.

జూలై ఆఖరి ఆదివారం చర్చిలో పూజ కాగానే కొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా పైకెక్కి, పొదల్లో కాసే బ్లేబెర్రీలు కోసుకోవడం పాత అలవాటు. పండ్లు ఒక సాకు. పెళ్లికాని ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకరినొకరు చూసుకునేది ఆ రోజే. అందుకే డింప్నాను వాళ్లమ్మ పంపలేదు. "నీకింకా వయసు రాలేదు" అంది. వయసు వచ్చేసరికి అలవాటే పోయింది. ఆ ఏడు ఎవడో పాట పాడుకుంటూ వెనక్కి నడిచి ఊబిలో నడుందాకా దిగబడ్డాడు. తాళ్లు వేసి లాగారు, బూట్లు మాత్రం అందులోనే ఉండిపోయాయి. ఇక చాలన్నాడు ఫాదర్. తర్వాత పెళ్లి, పిల్లలు, ఆవులు. "ఎండుగడ్డి ఇంటికి చేరాక తీసుకెళ్తాలే" అనేవాడు ఆమె భర్త యూజీన్. మా దగ్గర ఎండుగడ్డి తడవకుండా ఇంటికి చేరిన ఏడు ఏదో గుర్తున్నవాళ్లు చెప్పాలి. చూస్తుండగానే యూజీన్ పోయాడు.

అలాంటిది, ఊబినేల మీదుగా చెక్కదారి వచ్చింది. హెదర్ పొదల మధ్య పలకలు పరిచి, నిటారుగా ఉన్నచోట మెట్లు కట్టి, శిఖరం దాకా తీసుకెళ్లారు. ఇక బూట్లు పోగొట్టుకునే భయం లేదు. మందుల షాపులో పనిచేసే యొలాంటా ఊళ్లో నడిచేవాళ్లందరినీ పోగుచేసి, ఈ ఏడు బ్లేబెర్రీ ఆదివారాన్ని మళ్లీ మొదలుపెడదామంది. యొలాంటాది పోలండ్. మా ఊరి కుర్రాణ్ణి చేసుకుని వచ్చింది. చురుకైన పిల్ల, మాట సూటిగా ఉంటుంది. కొండకింద కార్లు ఆపే చోటు ఇరుకు గనుక చిన్న బస్సు మాట్లాడింది.

డింప్నా మోకాలి మందుకోసం షాపుకెళ్లిన రోజున యొలాంటా అడిగింది.

"డింప్నాగారూ, మీరూ వస్తారా కొండకు?"

డింప్నా గుండె లేడిపిల్లలా గెంతింది. నోరు మాత్రం, "అబ్బే, నేనెక్కడమ్మా! ముసలిదాన్ని" అంది.

"సరేనండీ" అని యొలాంటా మందు పొట్లం చేతికిచ్చింది.

మా ఊళ్లో అడగ్గానే ఒప్పుకునేవాళ్లు లేరు. ఇంటికొచ్చిన మనిషిని టీ తాగుతావా అంటే వద్దంటాడు. కొంచెం తాగు అంటే, నీకెందుకు శ్రమ అంటాడు. నీళ్లు మరుగుతూనే ఉన్నాయిలే అంటే, అయితే అర కప్పు చాలంటాడు. నిండా పోస్తాం, రొట్టె కూడా పెడతాం, తిని పోతాడు. మొదటిసారే ఊఁ అన్నవాణ్ణి ఏ ఇంట్లో పెంచారో అని చూస్తాం. కాబట్టి డింప్నా లెక్కలో యొలాంటా ఇంకా రెండుసార్లు అడగాల్సి ఉంది. ఈలోగా ఖాళీగా కూర్చోవడం దేనికని ఇంటికెళ్లి ప్రయాణం పనులు మొదలుపెట్టింది.

యూజీన్ బూట్లు తీసి, ముందు రెండు జతల మేజోళ్లు తొడిగి చూసుకుంది. సరిపోయాయి. గొర్రెల్ని చూసుకోవడానికి అతను వాడే దుర్భిణీ అద్దాలు తుడిచింది. రోజూ పొద్దున్నే పాలమీద మూత పెట్టి, అటకమీదికి పోయే మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. మొదట్లో సగంలో ఆగి కిటికీలోంచి చూడ్డానికి ఆగినట్టు నటించేది, ఇంట్లో చూసేవాళ్లెవరూ లేకపోయినా. రానురాను ఆగకుండా ఎక్కగలిగింది. ఈ ఏడు కాకపోతే ఈ మోకాలు ఇంకో ఏడు మాట వినదని ఆమెకు తెలుసు.

ఒకరోజు ఆడపడుచు కన్సెప్టా వచ్చింది. యూజీన్ చెల్లెలు. బర్మింగ్‌హామ్‌లో కార్ల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన మనిషి. వచ్చేసరికి వంటిల్లంతా ఓట్స్ పిండి.

"ఏంటి వదినా, పటాలానికి వండుతున్నావా?"

"కొండమీదికి రొట్టె లేకుండా పోతారటే? దారిలో ఆకలిగడ్డి తొక్కితే?"

కరువుకాలంలో తిండిలేక పడిపోయినవాళ్ల చోట మొలిచిన గడ్డి అది. దానిమీద కాలు పడితే ఎంత తిన్నవాడైనా ఆకలికి కూలబడతాడు. జేబులో ఓట్స్ రొట్టె ముక్క ఉంటే ఏమీ కాదు.

కన్సెప్టా పగలబడి నవ్వింది. "నువ్వు నడిచేది పలకలమీద. గడ్డి ఎక్కడ తొక్కుతావు?"

"పలకల సందులోంచి మొలవదా? నీ ఫ్యాక్టరీ అనుకున్నావా?"

"సరే, మొలుస్తుంది. తొక్కినవాళ్లకు దారి తప్పించే మట్టిగడ్డ సంగతి? దానికి విరుగుడని కోటు తిరగేసి తొడుక్కుంటావా?"

"దానికీ ఆలోచించా. రెండువైపులా వేసుకునే కోటు కొన్నా."

"అమ్మో! ఎవరైనా వింటే ఎవరెస్టుకు పోతున్నావనుకుంటారు."

"పైకెక్కాక ముందు ఎటు చూడనే, మా ఇంటివైపా, మీ ఇంటివైపా?" అని అడిగింది డింప్నా. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. పొయ్యిమీద రొట్టె మాడబోతోందని కూడా చూసుకోలేదు.

"ఆ దుర్భిణీ నా చేతికివ్వు, మా ఇల్లు నేను చూస్తా. నేను కిటికీ పక్క సీటు చెప్పేశాను. నీదెక్కడ?"

"నన్నింకా ఒక్కసారేగా అడిగింది! నిన్నెన్నిసార్లు అడిగింది?"

"ఒక్కసారే. వస్తానన్నా."

"ఒక్కసారికే? సిగ్గులేకుండా?"

"ఫ్యాక్టరీలో టీ బండి ఒక్కసారే వస్తుంది వదినా. వద్దంటే ముందుకు పోతుంది. వారం రోజులు గొంతెండి సిగ్గు వదులుకున్నా." నవ్వుతూ అంటున్నదల్లా ఆగింది. చేతిలో కప్పు కిందపెట్టింది. "ఇంతకీ నువ్వేమన్నావు ఆ పిల్లతో?"

"ఏమంటాను, 'అబ్బే, నేనెక్కడ' అన్నా."

"వదినా, ఆ పిల్లది పోలండే!"

డింప్నా చేతులకున్న పిండి కడుక్కోలేదు. రెండువైపులా వేసుకునే కోటు, ఏ వైపు పైకొచ్చిందో చూడకుండా తగిలించుకుని షాపుకు పరుగులాంటి నడక నడిచింది.

షాపులో ముగ్గురు నలుగురున్నారు. అంత దూరం వచ్చీ సూటిగా అడగడానికి నోరు రాలేదు.

"వాన మెత్తగా పడుతోంది" అంది.

"అవునండీ."

"కొండమీద కూడా పడుతుందేమో."

"ఆదివారానికి తగ్గుతుందిలెండి! బస్సు నిండిపోయింది తెలుసా!" అంది యొలాంటా మొహమంతా వెలుగుతో. "మీకోసం ఒక సీటు ఉంచుదామనుకున్నా. మీరు రానన్నారుగా, అది మాలకీగారికి ఇచ్చేశా."

"రానని ఎప్పుడన్నానమ్మా?"

"'అబ్బే, నేనెక్కడ' అన్నారుగా."

"అన్నాను. అంటే వస్తాననేగా!"

యొలాంటా చేతిలో మందుల డబ్బా అలాగే ఉండిపోయింది. "మరి రాననడానికి ఏమంటారు?"

"రానని ఎవరంటారమ్మా మొహంమీదే? చూద్దాంలే అంటాం."

"దేవుడా!" అని యొలాంటా నుదురు పట్టుకుంది. "పెళ్లైన కొత్తలో మా అత్తగారు కేకు వద్దన్నారని మొత్తం నేనే తినేశాను. ఆవిడ నాతో నెలరోజులు మాట్లాడలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. కానీ డింప్నాగారూ, బస్సులో ఇంకొకరికి చోటు లేదండీ. ఏం చెయ్యను?"

డింప్నా వేలికంటిన పిండి గోటితో గీకుతూ నిలబడింది. ఆ సమయానికి మాలకీ మెగోరీ అక్కడే ఉన్నాడు, కాలి ఆనెకాయకు పట్టీ కొనడానికి వచ్చి. పెళ్లి చేసుకోని మనిషి, కొండకింద పొలం. పోయిన చలికాలం ఆ చెక్కదారికి పలకలు మోసినవాళ్లలో ఒకడు. విన్నాడు గనుక ఊరుకోవడం మర్యాద కాదు. టోపీ వెనక్కి జరిపి అన్నాడు:

"నా సీటు తీసుకో డింప్నా."

ఆ మాట తర్వాత ఏం జరగాలో షాపులో యొలాంటాకు తప్ప అందరికీ తెలుసు. డింప్నా వద్దనాలి. మాలకీ మళ్లీ అనాలి. ఆమె అస్సలు వద్దనాలి. చివరికి మాలకీ, నా శాయశక్తులా చెప్పాను అన్నట్టు తలాడించి, తన సీటు తనే ఉంచుకుని ఇంటికి పోవాలి. అందరి మర్యాదా నిలబడుతుంది.

డింప్నా నోట్లో "అబ్బే" అప్పటికే తయారుగా ఉంది. పెదవులు కూడా విచ్చుకున్నాయి. నీకింకా వయసు రాలేదన్న అమ్మ మాట, ఎండుగడ్డి ఇంటికి చేరాక అన్న యూజీన్ మాట గుర్తొచ్చాయి. వాళ్లిద్దరికీ కూడా తను సరేలే అనే ఊరుకుంది. ఒక్కనాడూ వెళ్తానని అనలేదు.

"తీసుకుంటాను" అంది.

షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ఏమన్నావు?" అన్నాడు మాలకీ.

"నీ సీటు తీసుకుంటానన్నాను. నువ్వు చల్లగా ఉండాలి."

"అయిపోయింది! డింప్నాగారు బస్సెక్కారు!" అని యొలాంటా చప్పట్లు కొట్టింది.

మాలకీ అటూ ఇటూ చూశాడు. "నేనింకా రెండోసారి అడగనే లేదు..."

"నీకెందుకు శ్రమ" అంది డింప్నా.

వెనకనుంచి ఎవరో, "నోరు మూసుకో మాలకీ, ఈగ దూరుతుంది!" అన్నారు. ఇక నవ్వు ఆగలేదు. ముందు ఎర్రబడ్డా చివరికి మాలకీ కూడా నవ్వాడు. ఆనెకాయ పట్టీ మర్చిపోయి వెళ్లిపోయాడు. డింప్నా ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చీ రాగానే అటక మెట్లు ఒక్క ఊపున ఎక్కేసి, పైన నిలబడి ఒక్కతే నవ్వుకుంది. తర్వాత కిందికి దిగి ఇంకో వాయి రొట్టె పిండి కలిపింది. ఒకళ్ల సీటు తీసుకుని ఉత్తచేతులతో పోకూడదు.

ఆదివారం పొద్దున పూజలో ఫాదర్ ఏం చెప్పాడో బస్సులోవాళ్లెవరూ వినలేదు. వాన లేదు గానీ కొండ మబ్బులోనే ఉంది. బస్సంతా మాటలు, పాటలు. కన్సెప్టా కిటికీ పక్క కూర్చుని దుర్భిణీలోంచి ఆవుల్ని చూస్తోంది. "ఇటివ్వవే, అరగదీస్తావు" అంటోంది డింప్నా.

కొండకింద గేటు దగ్గర బస్సు ఆగింది. గేటుమీద మాలకీ కూర్చుని ఉన్నాడు. ఆదివారం కోటు, మెడలో టై, మోకాళ్లదాకా బురద. పక్కన ట్రాక్టరు.

"పొలాలకు అడ్డంపడి వచ్చా" అన్నాడు. "నేను మోసిన పలకలమీద జనం ముందు నడిచి, నేను తర్వాత నడవడమా?"

డింప్నా సంచిలోంచి గుడ్డ మూట విప్పింది. వెన్న రాసిన ఓట్స్ రొట్టె. "తింటావా మాలకీ?"

"అబ్బే, వద్దు. తినే వచ్చా."

"కొంచెం తిను."

"నీకు తక్కువవుతుంది."

యొలాంటా ఊపిరి బిగబట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆకలిగడ్డి ఉంటుంది, తిను."

"అయితే చిన్న ముక్క" అన్నాడు మాలకీ. డింప్నా అతని చేతిలో నిండు రొట్టె పెట్టింది. మూడు కొరుకుళ్లలో అయిపోయింది.

"ఇప్పుడు అర్థమైంది!" అని యొలాంటా గట్టిగా అరిచింది. మేస్తున్న గొర్రెలు తలెత్తి చూశాయి.

అప్పుడే మబ్బు అంచు లేచింది. తెల్లటి దూదిగడ్డి మధ్యలోంచి చెక్కదారి కొండకేసి సాగి, పైన మెట్లయి, ఇంకా పైన మబ్బులోకి పోయింది. తడిసిన పలకల వాసన కొట్టింది.

మాలకీ గేటు తెరిచి పట్టుకున్నాడు. "ముందు నువ్వు నడువు డింప్నా."

అతను రెండోసారి అనేలోపే ఆమె మొదటి పలకమీద ఉంది.

రెండిళ్లూ కనిపించాయా అని మీరడుగుతారు. కనిపించాయి. అటుదానికి పైకప్పు లేదు. ఇటుదాని పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. పొద్దున బయల్దేరే హడావిడిలో డింప్నా పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పడం మర్చిపోయింది.

ఇది రాసింది వినిఫ్రెడ్ మెకాఫ్రీ. వయసు డెబ్బై తొమ్మిది. ఇప్పుడు ఫెర్మానాలో, డ్రమ్‌కార్న్ చర్చి వెనక వరుస ఇళ్లలో, చివరి ఇంట్లో ఉంటున్నాను.