తోటలో లేని మద్ది చెట్టు

మా తోట చూడ్డానికి వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అడయారు ఏటి పక్కన, సగం నీళ్ళూ సగం బురదా అయిన ఆ చోట తామరల్ని బతికించడానికి నడుం విరిగేలా వంగేది నేను. వాళ్ళొచ్చి మొగ్గలు తుంచి, వేరుశనగ తొక్కలు నీళ్ళలో పోసి, కొంగలేవీ కనపడవేం అని నన్నే అడుగుతారు. మీ కేకలకు కొంగలేం ఖర్మ, మొసళ్ళయినా పారిపోతాయని గొణుక్కునేవాణ్ణి.

అన్నిటికంటే చెడ్డది వినాయక చవితి ముందురోజు. పూజకు ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి కదా, మైలాపూరు నుంచి సంచులు పట్టుకుని దిగేవాళ్ళు. వాళ్ళకంటే మేకలు నయం.

నేను కొలువులో చేరిన ఏడాది, ఆ రోజే, పంచెకట్టు పెద్దాయన ఒకాయన వచ్చారు. నా పేరు అడిగి, "చెంగల్రాయుడూ, మద్ది ఆకు దొరుకుతుందా నాయనా?" అన్నారు. మద్ది చెట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తోటమాలినై ఉండి తెలియదనడానికి నామోషీ. గట్టు మీది కానుగ కొమ్మ నుంచి గుప్పెడు ఆకులు దూసి, "ఇదే సామీ మద్ది" అని ఇచ్చేశాను. ఆయన ఆకును నిమిరి, నా మొహంలోకి ఒకసారి చూసి, సంచిలో వేసుకున్నారు.

రెండేళ్ళకు ఎవరో నాకు నిజమైన మద్ది చూపించారు. అప్పుడైనా ఆయనకు చెప్పాల్సింది. చెప్పలేదు. పదకొండేళ్ళు ఏటేటా కానుగే ఇచ్చాను. ఆకులు తీసుకున్నాక ఆయన కాసేపు గట్టు మీద కూర్చునేవారు. వానకు జమ్ము ఎంత పెరిగింది, నీటికోళ్ళు ఈసారి గూడు ఎక్కడ కట్టాయి, మొగలి పొద పూసిందా అని అడిగేవారు. తోటకు వచ్చేవాళ్ళలో నేను కసరనిది ఆయన్ని ఒక్కరినే. ఆయన్ని చూస్తే నాకు ఇష్టం, చూసిన ప్రతిసారీ సిగ్గు.

1956లో ఆయన రాలేదు. పొద్దుటి నుంచీ గేటు దగ్గరే తచ్చాడాను. పొద్దు వాలుతుండగా ఒక ముసలామె వచ్చింది.

"చెంగల్రాయుడంటే నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా. మీరెవరు?"

"కమలాంబని. ఏటేటా నీ కాడికి మద్ది ఆకుకి వస్తా ఉంటారే, ఆయన ఇంటిదాన్ని. ఆయన మంచం పట్టి రెండు నెలలయింది. ఈ తూరి ఇరవై ఒకటీ తక్కువ కాకుండా పూజ చేస్తానని ఆయన కోసరం మొక్కుకున్నా. ఇరవై దొరికినాయి. మద్దే మిగిలింది."

పదకొండేళ్ళు దేవుడికి దొంగ ఆకు పెట్టించిన పాపం ఆ మంచి మనిషి మీదికి వచ్చిందా? మళ్ళీ కానుగే ఇస్తే ఈ తల్లి మొక్కు ఏమవుతుంది? నా పరువు గంగలో కలిసినా సరేననుకున్నాను.

"ఈడ మద్ది చెట్టు లేదమ్మా. ఎప్పుడూ లేదు. నేనిచ్చిందంతా కానుగ. నా వల్లనే ఆయనకీ..." నలభై ఏళ్ళవాణ్ణి, బురద చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను.

ఆమె నవ్వింది. "కానుగని మాకు తెలీదా? ఆయన పుట్టింది స్వర్ణముఖి ఒడ్డున, మద్ది చెట్ల కిందనే ఆడుకున్నారు. మొదటేడే చెప్పినారు నాకు. 'ఆ పిల్లోడు తెలీదని చెప్పలేక ఇచ్చినాడు, కాదంటే చిన్నబోతాడు' అని. లేనిదానికి అక్షింతలు వెయ్యడం ఉండనే ఉందిగా. నీ కానుగ పెట్టి, దాని మీద అక్షింతలు వేసేవారు."

"మరి ఈ తూరి మొక్కు కదమ్మా? నిజం మద్దే కావాల కదా?"

"మాడవీధిలో కుప్పలుగా అమ్ముతా ఉండారు. కొనుక్కొస్తానంటే ఆయనే వద్దన్నారు. 'చెంగల్రాయుడి కాడికే పో. నేను రాలేదని గేటు కాడ ఎదురుచూస్తా ఉంటాడు' అన్నారు."

గట్టు మీది కానుగకే లేత కొమ్మ చూసి, తొడిమలు నలగకుండా కోశాను.

"ఆయన పేరేందమ్మా? ఇన్నేళ్ళలో నేను అడగనే లేదు."

"బాగుంది! మొగుడి పేరు నా నోట ఎట్లా వస్తుంది? నువ్వే వచ్చి అడుగు."

గేటు తాళం వేసి, ఆమె వెంట మైలాపూరు బస్సెక్కాను. పెద్దాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"మీ పేరేంది సామీ?"

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. "గోపాలస్వామి," అన్నారు. నా చేతిలోకి చూశారు. "మద్ది దొరికిందా?"

"లేదు సామీ. ఇది కానుగ."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టులో బలం లేదు, అయినా వదల్లేదు.

"ఈ మాట చెప్పేదానికి ఎంత కష్టపడినావు నాయనా," అన్నారు.