కుడి వెనక కుర్చీ

చెవుల మాస్టారు హెడ్‌ఫోన్లను మెత్తటి గుడ్డతో తుడిచి తలకు తగిలించుకుని, కంప్యూటర్లో గదుల జాబితా తెరిచారు. మొత్తం పదకొండు, అన్నీ ఉత్తుత్తి గదులే. ఒకటి నొక్కితే పెద్ద హాల్లో కూర్చున్నట్టు వినిపిస్తుంది, ఇంకోటి నొక్కితే ఇరుకు గదిలో. చుట్టూ పన్నెండు స్పీకర్లున్నాయని చెవులను నమ్మించి, ఎనభై మంది వాయించిన సంగీతాన్ని ముందూ వెనకా పైనా సర్దిపెట్టడం ఆయన పని. నలభై ఏళ్లుగా ఈ సర్దుడే. రికార్డు అట్ట మీద ఆయన పేరూ ఉంటుంది, కాకపోతే భూతద్దం కావాలి.

జాబితాలో చివరిది ‘మన గది’. వేలు అలవాటుగా దాని మీదికే వెళ్లింది. అంతలో ఫోను మోగింది. రికార్డు కంపెనీ అమ్మాయి.

“మాస్టారూ, మళ్లీ అదే గొడవ. కుడి వెనక వయొలిన్లు చెవిలో గీకుతున్నట్టున్నాయి. ఇది మూడోసారి. సాయంత్రానికి సరికాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామంటున్నారు. నా మాట సాగట్లేదండీ.”

“మీ స్పీకర్లు ఓసారి చూపించుకోండమ్మా.” చెవులు చూపించుకోమంటే బాగోదని స్పీకర్లన్నారు.

“పోయినసారీ అదే అన్నారు,” అని ఆ అమ్మాయి మెల్లగా పెట్టేసింది.

‘మన గది’ ఒకప్పుడు నిజంగానే ఉండేది. ఆయన పనిచేసిన స్టూడియో అది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతున్నారు. కూల్చేముందు ఆయన గింజంత మైకులు రెండు చెవుల్లో పెట్టుకుని, బిగదీసుకు కూర్చుని, ఒక్కో స్పీకరు చేత ఈల వేయించి ఆ గది తీరంతా కొలిచి దాచుకున్నారు. కొలిచేటప్పుడు ఇంకో మనిషి ఉండకూడదు. ఆయన భార్య మాత్రం ఎప్పట్లాగే కుడి వెనక కుర్చీలో, ఒళ్లో స్వరాల కాగితాలు పెట్టుకుని కూర్చుంది.

“నువ్వు బయటికెళ్లు. మనిషుంటే లెక్క తప్పుతుంది.”

“నేను లేకుండా ఈ గదిలో మీరు ఎప్పుడు విన్నారు గనక?” అని ఆవిడ కదల్లేదు. ఆయన నవ్వి, ఆవిడతో సహానే గదిని కొలిచేశారు.

నిజమే మరి. పని అయ్యాక ఆయన వెనక్కి తిరక్కుండానే హెడ్‌ఫోన్లు తీసి అందించేవారు. ఆవిడ ఆసాంతం విని “పంపించెయ్యండి” అంటేనే ఆ పాట గడప దాటేది.

ఆవిడ పోయి రెండేళ్లయింది. దయ్యాలను నమ్మే మనిషి కాదాయన. కానీ ‘మన గది’లో వాద్యాలు ఆగినప్పుడల్లా కుడి వెనక మోత కాస్త ముందే అణిగిపోయేది, ఎవరో ఒళ్లోకి తీసుకున్నట్టు. అక్కడ ధ్వని తగ్గుతోందని ఆయన వయొలిన్లు పెంచేవారు. ఆవిడ లేని ఇళ్లలో అవి గీకేవి. ఈ సంగతి కంపెనీ మొదటిసారి తిప్పిపంపినప్పుడే ఆయనకు తెలుసు. తెలిసీ చెవిన పెట్టలేదు.

వెనక్కి తిరిగి చూశారు. స్టూడియోనుంచి తెచ్చుకున్న కుర్చీ కుడి వెనకే ఉంది.

“ఏం చెయ్యమంటావు?”

ఆయన నాలుగో గది నొక్కారు. అది అందరూ మెచ్చిన గది, ఎవరిదీ కాని గది. సంగీతం మొదలైంది. కుడి వెనక నుంచి తేటగా, అడ్డం లేకుండా వచ్చింది. అక్కడెవరూ లేరు. ఆసుపత్రి నుంచి ఒక్కడే ఇంటికొచ్చిన రోజు కూడా ఇంత ఖాళీగా అనిపించలేదాయనకు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వయొలిన్లను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయారు.

మూడింటికి పని పూర్తయింది. సర్దిన సంగీతాన్ని ‘మన గది’లోకి మార్చి మొదటినుంచి పెట్టారు. అది అయ్యేదాకా ఆగి, కంపెనీకి పంపించి, మళ్లీ మొదటికి తిప్పి తన కుర్చీలో వెనక్కి వాలారు.

నాలుగింటికి కూతురు కాఫీ తెచ్చింది. నాన్న కునుకు తీస్తున్నాడనుకుంది.

“నాన్నా, చల్లారిపోతుంది.”

భుజం తట్టింది. మళ్లీ తట్టింది. చెయ్యి పట్టుకుని చూసి, కాఫీ పక్కన పెట్టి, ఆయన కాళ్ల దగ్గరే కూలబడిపోయింది. బల్ల మీద ఫోను వెలిగింది: ‘ఈసారి సరిగ్గా కుదిరింది మాస్టారూ.’

హెడ్‌ఫోన్లు ఆయన తలకు లేవు. కుడి వెనక కుర్చీకి తగిలించి ఉన్నాయి, లోపల వయొలిన్లు సన్నగా మోగుతూనే ఉన్నాయి.