కదలని బొమ్మల కోలాహలము

శ్రావణమేఘములు చెదరి గగనము తోమిన యిత్తడిపళ్లెరమువలె మెఱయుచుండ, ధర్మవరపుఁ బొలిమేరల వేరుసెనగచేలు పచ్చనిపూలతోఁ బకపక నవ్వుచుండ, అపరాహ్ణభానుఁడు మగ్గముల చప్పుళ్లు దాఁటి యొక మిద్దెగదిలోనికిఁ దొంగిచూచెను.

అందుఁ గుళ్లాయప్ప యను ముప్పదియేండ్లవాఁడు, కోడు వ్రాసి వ్రాసి తన గోడు మఱచినవాఁడు, కంప్యూటరు ముందు కుర్చీతోఁగూడ నెగురుచుండెను. తోలుబొమ్మలతో వీడియోగేము కట్టఁబూని, దీపపుఁగాంతి వెనుకనుండి తోలును దూఱి రంగులను వెలిఁగించు సొంపు, గేములను నడపుటకు సిద్ధముగా దొరకు నింజనులకు లొంగమిచే, మూఁడేండ్లు శ్రమించి, కీలుకొక కిటుకును గిటుకునకొక కీనిఁ గూర్చి సొంత యింజనునే సృష్టించిన ఘనుఁ డాతఁడు.

బొమ్మలు మాత్రము గంగాబాయివి. తెరవెనుక నఱువదియేండ్లు బొమ్మలాడించిన యాయవ్వ, తాను జూచి మెచ్చినఁగాని యాట గడపదాఁటరాదని మాట తీసికొనియుండెను. గేముల ప్రదర్శనమునకుఁ బంపు గడువా, నాఁటి సాయంకాల మాఱుగంటలు! అప్పటికే నాలుగు దాఁటినది.

గంగాబాయి వచ్చి కూర్చుండెను. తెరపై రాజును రాణియు మంత్రియు రాక్షసుఁడును భుజము లెగురవేయుచుఁ దల లాడించుచు నూఁగుచుండిరి. గేములలో నూరక నిలిచిన పాత్రయు నిట్లే కదలును గదా! ఆ కదలికకే యాతఁ డెనిమిదినెలలు ధారపోసెను.

అవ్వ కనులు చికిలించెను.

"ఏమప్పా, ఈళ్లంతా ఒగేసారి అరుస్తాండారే?"

"ల్యా అవ్వా, రాకాసొకడే మాట్లాడతాండాడు. కడమోళ్లు ఊరికే నిలబడుండారు."

"ఊరికే నిలబడేటోడు ఊగుతాడా? కల్లు తాగినాడా ఏమి? మాట్లాడే బొమ్మే అదరల్ల, కడమవి కొయ్య మాదిరి ఉండల్ల. లేకుంటే మాట ఎవరిదో సూసేటోళ్లకెట్ల తెలస్తాది? ఇట్లయితే నా బొమ్మలు నాకిచ్చేయప్పా!"

కుళ్లాయప్ప మొగము వెలవెలఁబోయెను. మఱుక్షణమున నవ్వ మాటలోని మర్మము తట్టి తటాలున నవ్వెను. అబ్బో, యేమి నవ్వది! ఎనిమిదినెలల గర్వమును గంటసేపటిలోఁ దుడిచివైచి మరల నాటను నడపెను.

మువ్వురు శిలలైరి. రాక్షసుఁ డొక్కఁడే చేయి విదిల్చి గర్జించెను. గది యంతయు వానివైపే తిరిగినట్లయ్యెను. అవ్వ మడమ తనంతఁ దానే నేలను యుద్ధపుదరువున ఢమఢమ మ్రోఁగించెను. ఆయమ యాతనిఁ బ్రక్కకుఁ ద్రోచి మీటల నాక్రమించెను.

"ఆరవతాంది అవ్వా! బాగుందా ల్యాదా? పంపల్ల!"

"గమ్మునుండప్పా! ఈ రాకాసి నాకొడుకు ఇంగా సావల్యా!"

గడువునకు మూఁడునిమిషములుండఁగా రాక్షసుఁడు కూలెను. "ఇంగ పంపుపో!" అని యవ్వ యూపిరి తీసికొనెను. ఆతఁడు మీట నొక్కి పంపెను.

అంతఁ దెరపై రాణి మెల్లఁగఁ జేయి యెత్తి విజయగీత మందుకొనెను. రాజు కదలలేదు, మంత్రి కదలలేదు. తెర కీవల నిరువురును, తమ వంతు రాని బొమ్మలవలెఁ గదలక మెదలక వినుచుండిరి.