కూర్చుని తింటే సగం ధర

మా హోటల్లో ముప్పై ఎనిమిదేళ్లపాటు ఒక్క కుర్చీ లేదు. కొనలేక కాదు, మా మామగారు కొననివ్వక. ఛాతీ ఎత్తున నాలుగు పొడవాటి రాతి బల్లలు, వాటి ముందు నిలబడి తినే జనం, ఎదురుగా గోడ మీద మూరెడేసి అక్షరాలతో మూడు వరుసల్లో ఒక సామెత. పైన ‘కూర్చుని తింటే’, దాని కింద ‘కొండలైనా’, ఆ కింద ‘కరుగుతాయి’. కొత్తగా వచ్చినవాళ్లు కుర్చీ కోసం అటూ ఇటూ చూస్తే మామగారు నోరు విప్పేవారు కాదు. గోడ వైపు గడ్డం ఎగరేసేవారు, అంతే.

ఆయన దృష్టిలో మనిషి కడుపు నింపుకోవడానికి ఎనిమిది నిమిషాలు చాలు. తొమ్మిదో నిమిషంలో తడిగుడ్డ పట్టుకొచ్చి మీ ముందు రాయి తుడవడం మొదలుపెట్టేవారు. పళ్లెం కొంచెం ఎత్తండి అనేవారు, మర్యాదగానే. ఎత్తిన పళ్లెం మళ్లీ దించడానికి చాలామందికి మొహం చెల్లేది కాదు. నేను కోడలిగా వచ్చి పొయ్యి ముందు నిలబడ్డ ఈ పదహారేళ్లూ హోటల్ అలాగే నడిచింది. బాగానే నడిచింది.

తర్వాత ఆ జబ్బు వచ్చింది. నాలుగు నెలలు షట్టరు ఎత్తలేదు. ఎత్తాక కూడా పార్శిళ్లే. ఈలోగా జనం ఇంట్లో వండుకోవడం నేర్చేసుకున్నారు. కొందరైతే నాకే ఫోన్ చేసి మీ కూరకి ఆ రుచి ఎలా వస్తుందని అడిగారు. నేను పూస గుచ్చినట్టు చెప్పాను కూడా. అంత తెలివి నాది.

మామగారిని మేడ మీది గదిలో పెట్టాం. ఇన్నేళ్లు పొయ్యి పొగ పీల్చిన ఛాతీ ఆయనది, రెండు మెట్లెక్కితే పిల్లికూతలు వినిపిస్తాయి. ఈ జబ్బు ఆయన దాకా వచ్చిందంటే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ ఫోన్లో ఖండితంగా చెప్పింది. ఆయనతో రోజుకో పోట్లాట లేనిదే నాకు పొద్దు గడవదు. అలాంటి మనిషికి గుమ్మం దగ్గర పళ్లెం పెట్టి, తలుపు ఇవతలి నుంచి తిన్నారా అని అడగాల్సి వస్తే ప్రాణం ఉసూరుమనేది. ఆ గదికి దారి ఒక్కటే. హోటల్ హాల్లో ఓ మూల నుంచి పైకి పదకొండు మెట్లు, పదకొండో మెట్టు మీద ఆయన తలుపు.

సరిగ్గా ఆ రోజుల్లో ప్రభుత్వానికి హోటళ్ల మీద ప్రేమ పుట్టింది. ఒక నెలపాటు సోమ, మంగళ, బుధవారాల్లో ఎవరైనా హోటల్‌కి వెళ్లి కూర్చుని తింటే బిల్లులో సగం ప్రభుత్వమే కడుతుందట. పార్శిలుకి లేదు, నిలబడి తింటే లేదు. కూర్చోవాలి. నిన్నటిదాకా గడప దాటితే జరిమానా వేసినవాళ్లు ఇవాళ గడప దాటితే డబ్బిస్తామంటున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదేనని నేనన్నాను. మా ఆయన నవ్వలేదు. ఆ వార్త ఉన్న పేపరు ముక్కను మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఈ నెల కూడా ఇలాగే పోతే ఇక షట్టరు దించడమే తప్ప ఎత్తడం ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

అందరికన్నా సంబరపడినవాడు మా మరిది. ముప్పై రెండేళ్ల వయసులో ఇంకా తనకు తగిన ఉద్యోగం దొరకలేదని మంచం మీదే ఎదురు చూస్తున్నవాడు. అన్న జేబులోంచి ఆ పేపరు ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు.

"చూడు వదినా. కూర్చుని తింటున్నానని ఇన్నాళ్లూ తిట్టావు. ఇప్పుడదే దేశసేవ అంటున్నారు."

ప్రభుత్వమే వాడి పక్షాన చేరింది.

మా ఆయన దరఖాస్తు పెట్టాడు. అందులో ‘కుర్చీల సంఖ్య’ అని ఒక గడి ఉంది. నిజాయితీగా సున్నా అని రాశాడు. వారంలో అది తిరిగొచ్చింది. అడ్డంగా ఎర్ర సిరాతో ఉంది: ‘కుర్చీలు లేని చోట కూర్చొనుట ఎట్లు? వివరణ ఇవ్వవలెను.’ వివరణ ఇచ్చే బదులు కుర్చీలు తేవడం తేలికని మా ఆయన బయల్దేరాడు. ఇంట్లోవి రెండు, ట్యూషన్ మాస్టారి దగ్గర ఇంకో రెండు దొరికాయి. ఐదోది పక్క సెలూన్ నుంచి వచ్చింది. జుట్టు కత్తిరించడానికి ఇంకా అనుమతి రాలేదు కనక సెలూన్ ఆయన తన తిరిగే కుర్చీని ఉత్తపుణ్యానికి ఇచ్చేశాడు. అందులో కూర్చుని తినేవాళ్లు ముద్ద ముద్దకీ మెల్లగా తిరుగుతూ, భోజనం పూర్తయ్యేసరికి వీధి వైపు మొహం పెట్టి తేలేవారు. రాతి బల్లల ఎత్తుకి కుర్చీలు సరిపోవు కనక అందరి పళ్లాలూ ఒళ్లోనే.

గోడ సంగతి మిగిలింది. సగం ధరకి రమ్మని పిలుస్తూ, వచ్చినవాళ్లకి కూర్చుంటే కొండలు కరుగుతాయని చెప్పడం బాగోదు కదా. బోర్డులు రాసే పెయింటర్ వచ్చి చూసి, మొదటి వరుస పనికొస్తుంది, ఉంచేద్దామన్నాడు. కింది రెండు వరుసల మీదా సున్నం కొట్టి, మూడో వరుస చోట ‘సగం ధర’ అని రాశాడు. సున్నం పల్చగా ఉందేమిటని అడిగితే, నెల రోజుల పథకానికి నెల రోజుల సున్నం చాలు తల్లీ అన్నాడు. ఈ ముక్క మామగారికి చెప్పకూడదని నేనూ, మా ఆయనా, మరిదీ ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం. అది ఆయన స్వహస్తాలతో రాసుకున్న గోడ.

కుర్చీల చప్పుడు మాత్రం దాగదు. నేల మీద కాళ్లు కీచుమనగానే పైనుంచి పిలుపు వచ్చింది. పార్శిలు కోసం ఆగేవాళ్లకి రెండు కుర్చీలు వేశామని చెప్పాను. ఆయన రేడియో వింటారు, పిచ్చివారు కారు. తలుపు అవతలి నుంచి అడిగారు.

"నిలబడితే అంటుకునే జబ్బు కూర్చుంటే అంటుకోదా అమ్మాయీ?"

నిజానికి నిబంధనలూ అలాగే ఉన్నాయి. నిలబడ్డంతసేపు మాస్కు ఉండాలి, కూర్చోగానే తీసేయొచ్చు. ప్రభుత్వం అలా చెప్పింది మామయ్యా అన్నాను. ప్రభుత్వానికి ఊపిరితిత్తులు ఉంటాయా అని ఆయన గొణుక్కున్నారు. నేను వినిపించుకోనట్టు దిగి వచ్చేశాను. పొయ్యి మీద అన్నం ఉంది మరి.

సోమవారం పదకొండింటికి షట్టరు ఎత్తితే వీధి మలుపు దాకా మనుషులు. అగ్గువగా వస్తోందంటే ఆకలి లేనివాడికి కూడా ఆకలేస్తుందని ఆ రోజే తెలిసింది. సగం ధర కదాని రెట్టింపు తిన్నారు. తిన్నాక లేవలేదు. నెలల తరబడి మనిషి మొహం చూడనివాళ్లు, ఒకరికొకరు వినబడాలని గొంతెత్తి కబుర్లు చెప్పుకున్నారు. ఎనిమిది నిమిషాలు గంటన్నర అయింది. మా పాత గిరాకీ ఒకాయన ఉన్నాడు, బస్సు కండక్టరు. పన్నెండేళ్లు మా రాయి ముందు నిలబడి తిన్నవాడు. కూర్చుంటే ముద్ద దిగడం లేదని లేచి నిలబడ్డాడు. అప్పుడే పథకం తనిఖీకి ప్రభుత్వ గుమాస్తా లోపలికి వచ్చాడు. నిలబడ్డవారికి రాయితీ లేదు, ఈ బిల్లు కొట్టేయండి అన్నాడు. కండక్టరు పళ్లెం పట్టుకునే మోకాళ్లు వంచాడు. ఇంకొంచెం అన్నాడు గుమాస్తా. ఇంకొంచెం వంచాడు. ఆయన ఎంత వంగితే కూర్చున్నట్టో గుమాస్తా కాగితాలన్నీ తిరగేసినా దొరకలేదు. చివరికి సగం వంగాడు కనక సగం రాయితీ అని మా ఆయన రాజీ చేశాడు.

అసలు చిక్కు కుర్చీల దగ్గర వచ్చింది. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలంటే హాల్లో ఐదు కుర్చీలకే చోటు. ఐదుగురితో హోటల్ నడవదు. బయటేమో జనం విసుక్కుని వెళ్లిపోతున్నారు. రెండో వారం మా ఆయన కొలతల టేపు తీసుకుని హాలంతా తిరిగి తిరిగి మెట్ల దగ్గర ఆగాడు. మెట్టు మీద కూర్చోవచ్చు కదా అన్నాడు. మెట్టు కూడా కూర్చునేదేనని గుమాస్తా ఒప్పుకున్నాడు. కింది నాలుగు మెట్ల వరకే అన్నాడు మా ఆయన. నేను వద్దనాల్సింది. గిన్నెడు కూర మిగిలిపోయి ఉంది, ఆ గిన్నె వైపు చూసి తలూపాను. ఆ తల ఊపడాన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

కింది నాలుగు మెట్లు అన్నది సోమవారం మాట. బుధవారానికి జనం పైపైకి పాకారు. మా మరిదిని కాపలా పెట్టాను, వాడు రెండో మెట్టు మీద కూర్చుని తిన్నాడు. నేను వంటగదిలోంచి అన్నం గంగాళం తెస్తూ తల ఎత్తి చూస్తే పదో మెట్టు మీద ఒక లావుపాటాయన, మామగారి తలుపుకి వీపు ఆనించి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని దగ్గుతున్నాడు. పొలమారిందేమో తెలియదు. కళ్ల నీళ్లు తిరిగేలా దగ్గుతున్నాడు. తలుపు అవతల, అదే దగ్గుకి బదులు చెబుతున్నట్టు, మామగారి పిల్లికూతలు.

గంగాళం కింద పెట్టేశాను. కొక్కేనికి మామగారి తుడిచే గుడ్డ వేలాడుతూ ఉంది. జబ్బు వచ్చినప్పటి నుంచీ ఎవరూ ముట్టలేదు. దాన్ని బకెట్లో ముంచి, అందరినీ దాటుకుంటూ పైకి వెళ్లి, పదో మెట్టు తుడవడం మొదలుపెట్టాను.

"పళ్లెం కొంచెం ఎత్తండి" అన్నాను.

లావుపాటాయన ఎత్తాడు. ఎత్తి, నా మొహం చూసి, లేచాడు. తొమ్మిదో మెట్టు తుడిచాను, ఎనిమిదోది తుడిచాను. మెట్టు మెట్టుకీ ఒకరు లేచి కిందికి దిగుతున్నారు. రెండో మెట్టు దగ్గర మా మరిది, నేనూనా వదినా అన్నాడు. వాడి కాళ్ల మీద నుంచే తుడిచాను. ఆ ఊపులో ఐదు కుర్చీల ముందూ నేల తుడిచేశాను. పావుగంటలో హాలు ఖాళీ. మా ఆయన గల్లా దగ్గర నిలబడి చూశాడు. షట్టరు ఆయనే దించాడు.

శనివారం మామగారికి జ్వరం వచ్చింది.

ఆ దగ్గు తెచ్చిందో, మా ముగ్గురిలో ఎవరం పళ్లెంతోపాటు పైకి తీసుకెళ్లామో ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మని అడిగితే, తెలుసుకుని ఏం చేస్తావమ్మా అంది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. లోపలికి రానివ్వరు. రోజూ సాయంత్రం ఒక నర్సు ఆయన నోటి దగ్గర ఫోన్ పెట్టేది. వినిపించేది ఊపిరి మాత్రమే. అది వింటూ నేనే ఏదో ఒక పోట్లాట వేసుకునేదాన్ని, కూరలో ఉప్పు తగ్గించాను, ఏం చేస్తారో చేయండి అని. పంతొమ్మిదో రోజు అటునుంచి, తగ్గించి చూడు, అని వినిపించింది. ఫోన్ పట్టుకుని వంటగదిలో కూలబడి ఏడ్చాను.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రెండు వారాల గిరాకీ లేకపోతే మా హోటల్ ఇవాళ ఉండేది కాదు. మా ఆయన ఆ మాట మొదలుపెడితే నేను కాదనను, ఔననీ అనను. గిన్నెలు గట్టిగా తోముతాను.

మామగారు ఇంటికి వచ్చేనాటికి పథకం అయిపోయింది. మాస్టారి కుర్చీలు మాస్టారికి చేరాయి. సెలూన్ మాత్రం తెరుచుకోనే లేదు, ఆ తిరిగే కుర్చీ మా దగ్గరే ఉండిపోయింది. ఆటో దిగి హాల్లోకి వచ్చిన మనిషి సగానికి సగం తగ్గిపోయారు. మెట్లెక్కే ముందు ఒక ముద్ద తింటానన్నారు. అలవాటుగా రాతి బల్ల దగ్గరికి వెళ్లి దాన్ని పట్టుకుని నిలబడ్డారు. నేను పళ్లెం తెచ్చేలోపే మోకాళ్లు వణికాయి. మా ఆయన తిరిగే కుర్చీని జరిపాడు. మామగారు దానికేసి శత్రువుని చూసినట్టు చూశారు. అప్పుడు కూర్చున్నారు. నా పదహారేళ్ల కాపురంలో ఆయన కూర్చుని తినడం నా కంటపడడం అదే మొదలు. నాకు చూడబుద్ధి కాలేదు.

ఒక ముద్ద తిన్నారు, రెండో ముద్ద తిన్నారు. కుర్చీ మెల్లగా తిరిగి ఆయన్ని గోడ ముందుకి తెచ్చింది. ఆ గోడ సంగతి మేం మరిచేపోయాం. వంట ఆవిరికి పెయింటర్ సున్నం రెండో వరుస దగ్గర పెచ్చులూడి, పాత అక్షరాలు బయటపడ్డాయి. ఆయన ఒక్కొక్క వరుసా పైకే చదివారు.

"కూర్చుని తింటే... కొండలైనా... సగం ధర."

కోప్పడతారనుకున్నాం. ఆయన నవ్వారు. ఛాతీ ఎగిరెగిరిపడేలా నవ్వి, ఆయాసపడి, మంచినీళ్లు తాగారు.

"సగం ప్రభుత్వం కట్టిందన్నారు, సరే. మిగతా సగం ఎవరు కట్టారే అమ్మాయీ?"

తిన్నవాళ్లు అని చెప్పబోయాడు మా మరిది. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"మీరే కట్టారు మామయ్యా" అన్నాను.

ఆయన పళ్లెంలో మిగిలింది నిదానంగా తిన్నారు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పలేదు. తర్వాత గోడ గడియారం చూసి, తడిగుడ్డ ఇటివ్వు అన్నారు. ఎందుకని అడిగితే, ఎనిమిది నిమిషాలు దాటిపోయింది, ఇంకా కూర్చున్నానేమిటి, అవతల ఎవరైనా నిలబడి ఉంటారు, అన్నారు.

హాల్లో మేం తప్ప ఎవరూ లేరు. నేను గుడ్డ తడిపి ఇచ్చాను. ఆయన తన పళ్లెం తానే కొంచెం ఎత్తి పట్టుకుని, కుర్చీలోంచే చెయ్యి చాచి, అందినంత మేర రాయి తుడిచారు.